బాయిలర్ బొగ్గు యార్డులో నుసి ఆగట్లేదు, నీళ్లు కొడితే చ్యూట్ (బొగ్గు జారి దిగే గొట్టం) జామ్ అవుతోంది. ఏం చెయ్యాలి?

బాయిలర్_షిఫ్ట్

అందరికీ నమస్కారమండి. మా యూనిట్ కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు వైపు. గంటకి 10 టన్నుల ఆవిరిచ్చే ఎఫ్‌బీసీ బాయిలరు (గాలికి పొర్లే ఇసక బెడ్డులో బొగ్గు మండే రకం), రోజుకి 40 టన్నుల దాకా ఇండోనేషియా బొగ్గు, కిలోకి 4,200 కిలోకేలరీలది. పోర్టు నుంచి టిప్పర్లలో వస్తుంది. లోడరుతో హాపర్లో వేస్తాం, అక్కణ్ణించి బెల్టు మీద క్రషర్‌కి, 6 మి.మీ.కి నలిగాక రెండో బెల్టు మీద బంకర్‌కి (బాయిలర్‌కి బొగ్గు అందించే తొట్టి). బెల్టులు 500 మి.మీ. వెడల్పు, వేగం సెకనుకి 1.5 మీటర్లు. క్రషర్ గంటకి 10 టన్నులు, రోజుకి నాలుగైదు గంటలు నడుస్తుంది.

సమస్యలు ఇవీ. క్రషర్ కింద రెండో బెల్టు మీదకి 1.8 మీటర్ల ఎత్తు నుంచి పడే చోట నుసి పొగలా లేస్తుంది. అక్కడ మామూలు తోట పైపుతో నీళ్లు కొడుతున్నాం, రోజుకి 1,500 లీటర్లు. నుసి తగ్గినట్టే ఉంటుంది, గంటలో చ్యూట్ జామ్. ఫాగ్ నాజిల్స్ కూడా పెట్టాం. బోరు నీళ్లు ఉప్పు, టీడీఎస్ (కరిగిన లవణాలు) లీటరుకి 4,000 మి.గ్రా. పది రోజుల్లో సగం నాజిల్స్ మూసుకుపోయాయి. క్రషర్ మీద బ్యాగ్ ఫిల్టరుంది (నుసి గాలిని గుడ్డ సంచుల్లోంచి వడగట్టేది): 24 బ్యాగులు, ఒక్కోటి 150 మి.మీ. వ్యాసం, 2.4 మీటర్ల పొడవు. ఫ్యాను గంటకి 3,000 ఘనపు మీటర్లు, పైపు 350 మి.మీ. డీపీ (బ్యాగులకి ఇటూ అటూ గాలి ఒత్తిడి తేడా) 220 మి.మీ. నీటిమట్టం చూపిస్తోంది. ఫాగ్ నాజిల్స్‌లో రెండు దాని హుడ్డులోనే (నుసి గాలిని పీల్చే నోరు) ఉన్నాయి.

పక్కన దాళ్వా చేలున్నాయి, ఆ వెనక చేపల చెరువులు. వరి పూత మీదుండగా మధ్యాహ్నం గాలికి ఆకు మీద నల్లటి పొర పడుతోందని రైతులు గేటు దగ్గరికి వచ్చేస్తున్నారు. తక్కువ ఖర్చులో ఏది ముందు చెయ్యాలో చెప్పండి. క్రషర్ గదిని వారానికోసారి కంప్రెస్డ్ ఎయిర్‌తో ఊది శుభ్రం చేస్తున్నాం, అది సరిపోతుందా?

---

బెల్ట్_పుల్లీ

నీళ్ల సంగతి తరవాత, ముందు గాలి సంగతి చూడండి. నుసి తనంతట తాను లేవదు. పడే బొగ్గు తనతో గాలిని ఈడ్చుకుంటూ దిగుతుంది, కింద బెల్టుకి తగలగానే ఆ గాలి ఎటు సందుంటే అటు నుసిని పట్టుకుని బయటికి తన్నుకొస్తుంది. ఎంత గాలి ఈడ్చుకొస్తుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: పైన తెరిచి ఉన్న నోరు, పడే ఎత్తు, ముక్క సైజు. నోరు సగం చేస్తే గాలి సగమవుతుంది. ఎత్తు సగం చేస్తే 63 శాతానికి దిగుతుంది. 50 మి.మీ. ముక్కకి బదులు 6 మి.మీ. ముక్క పడితే అదే ఎత్తుకి దాదాపు రెట్టింపు గాలి. మీకు క్రషర్ ముందు లేని నుసి క్రషర్ తరవాత ఎందుకొస్తోందో ఇప్పుడర్థమైందా? పైగా తిరిగే క్రషర్ రోటరే ఒక ఫ్యాను.

కాబట్టి మొదటి పని క్రషర్ పై నోరు మూయడం. బొగ్గు దిగే సందు మినహా మిగతాదంతా రేకు, మిగిలిన చోట రెండు వరసల రబ్బరు తెర. తెర వేలాడే ముక్కలు 100 మి.మీ. వెడల్పు, ఒకదాని మీద ఒకటి 30 మి.మీ. ఎక్కేలా. ఇది ఒక పూట పని, ఖర్చు ఏమంత ఉండదు. చేసే ముందు, చేశాక ఆ నోటి దగ్గర దారప్పోగో టిష్యూ ముక్కో పట్టుకుని చూడండి, గాలి ఎటు పోతోందో తెలిసిపోతుంది. అగరబత్తి వెలిగించి చూద్దామని మాత్రం ఎవరైనా అంటే చేతిలోంచి లాగేసుకోండి.

రెండోది, 1.8 మీటర్ల ఎత్తు. బెల్టు పైకి లేపడం కుదరకపోతే చ్యూట్ లోపల ఒక అరుగులా కోణం పెట్టండి. బొగ్గు దాని మీద నిలిచి, బొగ్గు మీదే బొగ్గు జారుతుంది. పడేది ఒక్క దూకుడు కాకుండా రెండు చిన్న దూకుళ్లవుతుంది, రేకు అరుగుదల కూడా తగ్గుతుంది. ఒక జాగ్రత్త: తడి బొగ్గుకి ఈ అరుగే అడ్డమై కూర్చుంటుంది. మీరు పైపుతో నీళ్లు కొట్టడం మానకుండా అరుగు పెట్టొద్దు.

మూడోది స్కర్టు, అంటే బొగ్గు పక్కలకి పోకుండా బెల్టుకి రెండు వైపులా నిలబెట్టే అంచు. పడిన చోటు దాటాక బెల్టు వేగం సెకనుకి 1 మీటరుకి సుమారు 1.2 మీటర్ల చొప్పున మూతున్న స్కర్టు నడవాలి. మీ వేగానికి 1.8 మీటర్లు. దాని పైకప్పు ఎత్తుగా ఉండాలి. లోపల గాలి సెకనుకి 1 మీటరు దాటకుండా నెమ్మదిస్తేనే నుసి మళ్లీ బొగ్గు మీదకే దిగుతుంది. కప్పు కిందకి ఉంటే అది నుసి ఊదే గొట్టమే. రెండు స్కర్టుల మధ్య దూరం బెల్టు వెడల్పులో మూడింట రెండు వంతులు, మీకు 330 మి.మీ. మధ్యలో ఒకటి, చివర ఒకటి రబ్బరు తెరలు. చివరి తెర స్కర్టు అంచుకి 300 మి.మీ. లోపలికే ఉండాలి, లేకపోతే తెరకి తగిలి లేచిన నుసి బయటే పడుతుంది.

ఇక్కడ అందరూ చేసే తప్పొకటి ఉంది. పాత బెల్టు ముక్కలు కోసి స్కర్టుగా బిగిస్తారు. పాత బెల్టులో దారాల పొర ఉంటుంది, అందులో బొగ్గు పలుకులు ఇరుక్కుని కొత్త బెల్టుని ఆకురాయిలా కోస్తాయి. నెలలో బెల్టు మీద రెండు గాడులు పడతాయి, ఆ గాడుల్లోంచే నుసి కారుతుంది. స్కర్టుకి బెల్టు కన్నా మెత్తటి రబ్బరే వాడాలి. బెల్టుకి ఆనీ ఆననట్టు ఉండాలి, నొక్కి బిగించకూడదు. పడేచోట కింద రోలర్లు 300–400 మి.మీ.కి ఒకటి వెయ్యండి. దూరంగా ఉంటే రోలరుకీ రోలరుకీ మధ్య బెల్టు కుంగుతుంది, ఎంత మంచి స్కర్టయినా ఆ కుంగిన చోట సందు వదిలేస్తుంది.

వెనక్కొచ్చే బెల్టు కింద గుట్టలు కడుతున్నాయా? మీరు రాయలేదు గాని కట్టే ఉంటాయి. హెడ్ పుల్లీ (బొగ్గు పడే కొసన బెల్టు మళ్లే చక్రం) దగ్గర స్క్రేపరు (బెల్టుని గీకే బ్లేడు) అరిగిపోతే బెల్టుకంటిన నుసి దారంతా రాలుతుంది, ఎండాక గాలికి లేస్తుంది. బ్లేడు టెన్షన్ వారానికోసారి చూడండి.

---

బెల్ట్_పుల్లీ

బ్యాగ్ ఫిల్టర్ విషయం విడిగా రాస్తున్నాను. మీ లెక్కల్లోనే జబ్బుంది.

24 బ్యాగులకి గుడ్డ విస్తీర్ణం 27 చదరపు మీటర్లు. గంటకి 3,000 అంటే నిమిషానికి 50 ఘనపు మీటర్లు. భాగిస్తే గుడ్డలోంచి గాలి పోయే వేగం నిమిషానికి 1.85 మీటర్లు. పల్స్ జెట్ ఫిల్టర్‌లో (గాలి దెబ్బతో బ్యాగుల్ని దులిపే మీలాంటి రకం) బొగ్గు నుసికి 1.2 దాటకపోతే మంచిది. 3 మీటర్ల బ్యాగులు 30 ఉండాలి. కొత్తది కొనలేకపోతే క్రషర్ నోరు మూశాక గాలి అవసరమే తగ్గుతుంది, ఫ్యాను డాంపరు (గాలిని తగ్గించే తలుపు) తిప్పి గంటకి 2,000కి తెండి. అప్పుడు అవే బ్యాగులు సరిపోతాయి.

పైపు 350 మి.మీ. అన్నారు. 3,000కే అందులో వేగం సెకనుకి 9 మీటర్లు రాదు. బొగ్గు నుసి పైపులో కూర్చోకుండా పోవాలంటే 18 ఉండాలి. 2,000కి అయితే 200 మి.మీ. పైపు చాలు. ఇప్పుడున్న పైపుని ఏదైనా వంపు దగ్గర చెక్క సుత్తితో కొట్టి చూడండి, ఖంగుమనకుండా దబ్బుమంటే లోపల సగం నిండింది. ఆ నిండినది తడిసిన నుసి అయితే లోపలే వేడెక్కే ప్రమాదం ఉంది.

డీపీ 220 అంటే ముందు మీటరుని అనుమానించండి. దాని సన్న గొట్టాలు నుసితో మూసుకుపోయినా తప్పు రీడింగే వస్తుంది. గొట్టాలు పీకి శుభ్రం చేసి మళ్లీ చూడండి. 100 నుంచి 150 మధ్య ఉండాలి. అప్పటికీ దిగకపోతే పల్స్ వాల్వులు ఒక్కోటి వినండి. బాగున్నది టప్ మంటుంది, డయాఫ్రమ్ (లోపలి పొర) చిరిగినది ఫుస్ మంటుంది. గాలి ప్రెషర్ 5–6 బార్. మన సముద్రపు తేమకి కంప్రెసర్ ట్యాంకులో నీరు ఊరుతూనే ఉంటుంది, షిఫ్టుకోసారి డ్రెయిన్ తియ్యకపోతే ఆ నీళ్లే బ్యాగులోకి కొడతారు. రోజూ క్రషర్ ఆపాక ఫ్యాను కట్టేసి, పల్సింగ్ ఇంకో 10 నిమిషాలు నడవనివ్వండి. ఫిల్టర్ అడుగు హాపర్లో నుసి నిలవ ఉంచొద్దు.

ఆ హుడ్డులోని రెండు ఫాగ్ నాజిల్స్ ఇవాళే తీసేయండి. పొగమంచంత నీటి చుక్కల్ని ఫ్యాను లాక్కుపోయి బ్యాగుల మీద బురద పూస్తోంది. పీల్చే చోట నీళ్లు వద్దు, నీళ్లు కొట్టే చోట పీల్చొద్దు.

---

గోదారి_నీళ్ళు

పైన చెప్పినవన్నీ చేశాక కూడా కొంచెం నీళ్లు కావాలి. ఎంత, ఎక్కడ అన్నదే అసలు ప్రశ్న.

మీ 1,500 లీటర్లని 40 టన్నులకి పంచితే టన్నుకి 37 లీటర్లు, అంటే 3.7 శాతం తేమ మీరే కలుపుతున్నారు. ఆ నీటిని బాయిలర్లో ఆవిరి చెయ్యడానికి కిలోకి 620 కిలోకేలరీల లెక్కన రోజుకి 220 కిలోల బొగ్గు ఖర్చు. టన్నుకి 5 లీటర్లు చాలు. అది రోజుకి 200 లీటర్లు, దండగ 30 కిలోలే.

5 లీటర్లతో ఎలా ఆగుతుందంటారా? బొగ్గు గాల్లో ఉన్నప్పుడు కాదు, హెడ్ పుల్లీ మీంచి దూకబోయే ముందే తడపాలి. క్రషర్‌కి వెళ్లే బెల్టు చివర విసనకర్రలా విచ్చుకునే ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్స్ రెండు, ఒక్కోటి నిమిషానికి 0.4 లీటర్లు, ప్రెషర్ 3 బార్. లేచిపోయిన నుసి మీద లావు చుక్క కొడితే లాభం లేదు. చుక్క ముందు తోసే గాలి సన్న నుసిని పక్కకి నెట్టేస్తుంది. తోట పైపుతో కనిపించేది నుసి తగ్గడం కాదు, బొగ్గు బురదవడం.

మామూలు నీళ్లు బొగ్గుకి అంటవు కూడా. రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో ఉత్త నీళ్లు, రెండోదాంట్లో లీటరుకి 1 మి.లీ. వెట్టింగ్ ఏజెంట్ (నీళ్లు నుసికి అంటేలా చేసే మందు) కలిపిన నీళ్లు. స్క్రేపరు కింద రాలిన సన్న నుసి చిటికెడు చొప్పున రెండింటిలో చల్లండి. మొదటి గ్లాసులో అట్టకట్టి తేలుతుంది, రెండోదాంట్లో కొద్ది సెకన్లలో మునుగుతుంది. మునగకపోతే ఆ డబ్బా మీకు అమ్మినవాడికి తిరిగిచ్చేయండి.

నాజిల్ నీళ్లని కరెంటుతో తెరిచి మూసే సొలెనాయిడ్ వాల్వుని బెల్టు మోటారుకి మాత్రమే కలిపితే చాలదండి. బెల్టు మీద బొగ్గు ఉన్నప్పుడు పైకి లేచే తెడ్డు స్విచ్చి పెట్టి దానికీ కలపండి. లేకపోతే ఖాళీ బెల్టు తడిసి, నుసి పేస్టులా అంటుకుని, కిందంతా రాలుతుంది. తేమ సరిపోయిందో లేదో పిడికిలి చెబుతుంది: నలిగిన బొగ్గు గుప్పెడు పట్టి వదిలితే విడిపోవాలి. ఉండ కట్టి అరచేయి తడిస్తే ఎక్కువైనట్టే, ఆ బొగ్గే చ్యూట్‌లో పేరుకునేది.

ఉప్పు నీళ్ల సంగతి. బాయిలర్ బెడ్డు పాడైపోతుందని భయపెడతారు, ఇప్పటి వాడకానికి అందులో కొంత నిజముంది. లీటరుకి 4 గ్రాముల చొప్పున 1,500 లీటర్లంటే రోజుకి 6 కిలోల ఉప్పు బెడ్డులోకి. సోడియం పెరిగితే బెడ్డు ఇసక గడ్డలు కడుతుంది. 200 లీటర్లకి దిగితే 800 గ్రాములే, ఆ భయం చాలామటుకు పోతుంది. నాజిల్సు, రోలర్లు, రేకులు మాత్రం తుప్పు పడతాయి.

కాలువ నీళ్లు వాడదామంటే రెండు చిక్కులు. వరద రోజుల్లో ఎర్రనీరు వస్తుంది, ఆ ఒండ్రు నాజిల్‌ని గంటలో మూస్తుంది. ఎండాకాలం, సరిగ్గా నుసి ఎక్కువగా లేచే రోజుల్లో, కాలువలు కట్టేస్తారు. షెడ్డు కప్పు మీది వాన నీళ్లు పట్టుకోండి. వెయ్యి చదరపు మీటర్ల రేకు మీద 100 మి.మీ. వాన పడితే 80 ఘనపు మీటర్లు చేతికొస్తాయి. యార్డు రోడ్డు 600 చదరపు మీటర్లు అనుకుంటే, చదరపు మీటరుకి అర లీటరు చొప్పున రోజుకి 8 సార్లు, 2,400 లీటర్లు. బెల్టు 200 కలిపి 2,600. కాలువ కట్టేసే 45 రోజులకి 117 ఘనపు మీటర్లు, ఆవిరయ్యేదానితో కలిపి 150 పట్టే గుంట చాలు. అడుగున ప్లాస్టిక్ షీటు తప్పనిసరి, లేకపోతే మన నేలలో కింద నుంచి ఉప్పు నీరు ఊరుతుంది. నాజిల్ ముందు స్ట్రెయినరు కన్నం నాజిల్ కన్నంలో సగం కన్నా చిన్నదై ఉండాలి.

రోడ్డు మీద కాల్షియం క్లోరైడ్ చల్లమని, మొలాసెస్ చల్లమని ఎవరైనా సలహా ఇస్తారు. నుసి ఆగుతుంది, నిజమే. మొదటిది వానకి కొట్టుకుపోయి వరిచేలో ఉప్పవుతుంది, రెండోది చెరువులో పడితే నీటిలోని ఆక్సిజన్ లాగేసి చేపలు తేలతాయి. డెల్టాలో రెండూ వద్దు. యార్డు చుట్టూ కాలువ తవ్వి, మూడు గదుల సెట్లింగ్ గుంటలోకి తిప్పి, తేరిన నీళ్లే మళ్లీ రోడ్డుకి వాడండి.

---

బాయిదీపం

నాది కొత్తగూడెం వైపు, భూగర్భ గనుల సంగతి తెలిసినవాణ్ని. మీ పోస్టులో నాకు గుండె ఝల్లుమన్నది కంప్రెస్డ్ ఎయిర్‌తో ఊదడం దగ్గర. వెంటనే ఆపండి.

లెక్క చూడండి. గది నేల మీద, దూలాల మీద 0.8 మి.మీ. పొర, అంటే గోరు మందం. చదరపు మీటరుకి 400 గ్రాముల దాకా నుసి. గది ఎత్తు 4 మీటర్లయితే అదంతా ఒక్కసారి లేస్తే ఘనపు మీటరుకి 100 గ్రాములు. వోలటైల్స్ (వేడికి బయటికొచ్చి మండే వాయువులు) ఎక్కువున్న బొగ్గు నుసి 60 గ్రాముల దగ్గరే పేలగలదు, మీ ఇండోనేషియా బొగ్గు ఆ రకమే. ఊదడమంటే ఆ మేఘాన్ని మీ చేత్తో తయారుచెయ్యడం. అక్కడ వేడెక్కిన బేరింగో, వదులైన స్విచ్చి మెరుపో చాలు. ముందు చిన్న పేలుడు దూలాల మీది నుసిని రాలుస్తుంది, రెండోది దాన్ని అంటుకుని పెద్దదవుతుంది. 1965 మే 28న ఇప్పటి జార్ఖండ్‌లోని ధోరీ గనిలో బొగ్గు నుసి పేలుడుకి 268 మంది పోయారు. భూగర్భంలో అందుకే గోడల మీద సున్నపురాయి పొడి చల్లి, మండనిది మండేదాన్ని మించేట్టు చూస్తారు. మీకు ఆ పొడి అక్కర్లేదు, నుసి పేరుకోకుండా ఉంటే చాలు.

ఎలా అంటే: దుమ్ము పేలకుండా ప్రత్యేకంగా చేసిన వ్యాక్యూమ్, లేదా సన్నని నీటి జల్లు, తడి గోనెతో తుడవడం. నేల కన్నా ముందు దూలాలు, కేబుల్ ట్రేలు, ట్యూబ్‌లైట్ల పైభాగం. దూలం పైన రేకు ఏటవాలుగా బిగిస్తే నుసి నిలవదు. మోటారు రెక్కల మధ్య పేరుకుంటే మోటారు వేడి బయటికి పోదు, షిఫ్టుకోసారి చూడాలి. బ్యాగ్ ఫిల్టర్‌కి యాంటీస్టాటిక్ బ్యాగులు, బ్యాగుల లోపలి పంజరాల నుంచి బాడీ దాకా ఎర్తింగ్ ఉన్నాయా? పేలుడు తలుపు (పేలితే ఒత్తిడిని బయటికి వదిలేది) మనుషులు నడిచే వైపు తెరుచుకోకూడదు. వెల్డింగ్ పని ఉంటే ముందు చుట్టూ కడిగి, పని అయ్యాక గంట కాపలా.

ఇక మనుషుల సంగతి. తువ్వాలు కట్టుకుంటే లావు నుసి ఆగుతుంది, ఊపిరితిత్తి లోపలికి దిగే సన్నది ఆగదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టంలో ఆ సన్న నుసికి హద్దు, క్వార్ట్జ్ 5 శాతం లోపుంటే, ఘనపు మీటరుకి 2 మిల్లీగ్రాములుగా ఉండేది. క్రషర్ ఆపరేటర్ నడుముకి పంపు, కాలరుకి ఫిల్టరు పెట్టి షిఫ్టంతా కొలిస్తే తెలుస్తుంది. కంటికి గది తేటగా కనిపించిందని హద్దు లోపల ఉన్నట్టు కాదు. ఎన్95 మాస్కు ఇవ్వండి, గడ్డం మీద మాస్కు పట్టదని చెప్పండి, ఏటా ఛాతీ ఎక్స్‌రే తీయించండి. బొగ్గు నుసితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకి మందు లేదు.

---

బాయిలర్_షిఫ్ట్

అందరికీ ధన్యవాదాలండి. ఆయ్, ఎయిర్ పైపు ఇవాళే తీయించేశాం, హుడ్డు నాజిల్స్ కూడా. రెండు సందేహాలు. యార్డులో గుట్ట 5 మీటర్లుంది, పైన నీళ్లు చల్లుతున్నా ఒక పక్క నుంచి తెల్లగా ఆవిరి లేస్తోంది. అది నీళ్ల ఆవిరేనా? గాలికి అడ్డంగా గోడ కడదామని యజమాని అంటున్నారు, పనికొస్తుందా?

---

గోదారి_నీళ్ళు

గోడ వద్దు. అడ్డు గోడ మీంచి గాలి దూకి అవతల సుడి తిరుగుతుంది, నుసిని ఇంకా లేపుతుంది. సగం గాలిని వదిలే 50 శాతం షేడ్ నెట్ మంచిది. ఎత్తు గుట్ట కన్నా పావు వంతు ఎక్కువ: గుట్ట 3 మీటర్లుంటే వల 4. సముద్రం వైపు మొదట వల, దాని వెనక రెండు వరసలు సరుగుడు వేసుకోండి, మూడేళ్లలో అది వల పని అందుకుంటుంది. వలని కప్పీలు, తాళ్లతో దించేలా కట్టండి. తుపాను హెచ్చరిక వచ్చినా దించకపోతే స్తంభాలతో సహా పోతుంది. టిప్పర్లు ఉదయం 10 లోపు, గాలి లేవకముందే దించుకోండి. లోడరు బకెట్‌ని హాపర్ అంచుకి ఆనించి మెల్లిగా వంచమనండి. పైనుంచి గుమ్మరించే అలవాటు ఒక్కటి మాన్పిస్తే సగం గొడవ పోతుంది.

---

బాయిదీపం

ఆవిరి సంగతి ఆలస్యం చెయ్యొద్దు. 2 మీటర్ల ఇనప గొట్టం గుచ్చి, లోపల థర్మామీటరు దించి చూడండి. 60 డిగ్రీలు దాటితే లోపల రాజుకుంటున్నట్టే. కిరసనాయిలు లాంటి వాసన వస్తే కొలిచేదాకా కూడా ఆగక్కర్లేదు. పైనుంచి నీళ్లు పొయ్యొద్దు: కొద్ది తడి వేడిని ఇంకా పెంచుతుంది, నిప్పుగా మారినదాని మీద పైపు పెడితే ఆవిరితో పాటు మండే వాయువు పుడుతుంది. లోడరుతో ఆ పక్కని గాలి వైపు నుంచి తవ్వి, ఖాళీ చోట అడుగు మందాన పరిచి, పరిచినదాని మీద మాత్రం నీళ్లు చల్లి చల్లార్చండి. తవ్వే చోట మనిషి నడవకూడదు, కింద గుల్లగా ఉంటుంది. చల్లారినదాన్ని గుట్టలో కలపకుండా ముందు బంకర్‌కి పంపండి, వేడి తగ్గిందని చేత్తో కాదు, థర్మామీటరుతో చూసుకున్నాకే.

కొత్త గుట్ట 3 మీటర్లు మించనివ్వకండి. అడుగు మందం పొర పొరకీ లోడరు తొక్కాలి, అంచులు ఏటవాలుగా నొక్కాలి. లావు ముక్కలు జారి అడుగున చేరితే అక్కణ్ణించే గాలి లోపలికి దూరుతుంది. ముందొచ్చిన లోడు ముందు వాడండి, పోర్టు నుంచి వచ్చిన తేదీ సుద్దతో పలక మీద రాసి గుట్టకి గుచ్చండి.